కలవరములో కలువ ఎందుకొచ్చింది?

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టారిని. సెలవులకు వచ్చిన మనవళ్లకు ఓ పెద్ద పదంలోని అక్షరాలను కలగాపులగం చేసి ఇచ్చి, వాటితో వచ్చే చిన్న పదాలు రాయమంటుంటాను. మొన్న ‘ర, ము, క, వ, ల’ ఇచ్చాను. పెద్దవాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పెన్ను ముట్టుకోకుండా పైథాన్‌లో ప్రోగ్రామ్ రాసి జాబితా తీశాడు. అందులో కలువ, కమల కూడా ఉన్నాయి. ఇవి చెల్లవురా అంటే ‘తాతయ్యా, కంప్యూటర్ తప్పు చెప్పదు’ అంటున్నాడు. తప్పు ఎవరిది?
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరే రైటు మాస్టారూ. మీరిచ్చినవి ఐదు అక్షరాలు. కంప్యూటర్ వాటిని ఆరుగా లెక్కపెట్టింది. గొడవంతా అక్కడే.

మనకు ‘ము’ ఒకే అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే పద్ధతి అయిన యూనికోడ్‌లో మాత్రం అది రెండు ముక్కలు: ‘మ’ ఒకటి, కొమ్ము ఒకటి. కావాలంటే ఫోన్‌లో ‘ము’ టైప్ చేసి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కి చూడండి. చాలా ఫోన్లలో కొమ్ము ఒక్కటే పోయి ‘మ’ మిగులుతుంది. మీ మనవడి ప్రోగ్రామ్ ఆ కొమ్మును పీకి ‘ల’కు తగిలించింది, కలువ పూసింది. కొమ్ము ఊడిన ‘మ’ను క, ల మధ్య పెట్టింది, కమల వచ్చింది. పైథాన్‌లో ‘స్త్రీ’ పొడవు ఎంతో అడగమనండి. ఆరు అంటుంది! స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం... లెక్క సరిపోయింది కదా.

కాబట్టి పదాలు వెతకడానికి ముందే అక్షరాలను మనం విడగొట్టుకోవాలి. రూలు చిన్నదే. అచ్చు గానీ హల్లు గానీ వస్తే కొత్త అక్షరం మొదలు. అయితే ఆ హల్లుకు ముందు పొల్లు ఉంటే అది ఒత్తు కిందే లెక్క, పాత అక్షరంలోనే కలపాలి. గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ ముందున్నదానికే అతుక్కుంటాయి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ‘ట’ పొల్లు తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. అది తగిలినచోట కొత్త అక్షరం మొదలుపెట్టాలి. ఇదంతా చేసిపెట్టే రెడీమేడ్ లైబ్రరీలు (ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్ ముక్కలు) ఉన్నాయి గానీ, ఒత్తుల దగ్గర పాత వెర్షన్లను నమ్మలేం. ‘స్త్రీ’ని స్, త్, రీ అని మూడు ముక్కలు చేస్తాయి. హల్లు, ఒత్తు కలిపి ఒకటిగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో గానీ రాలేదు.

ఇక వెతికే పద్ధతి. కుర్రాళ్లు ముందుగా చేసేది అక్షరాలను అన్ని రకాలుగా తారుమారు చేసి, ఒక్కోదాన్నీ నిఘంటువులో చూడటం. ఐదు అక్షరాలకు, కనీసం రెండక్షరాల పదాలు కావాలంటే, 320 వరసలు వస్తాయి. ఫర్వాలేదు. పదక్షరాలు ఇచ్చారో, 98 లక్షలు దాటుతుంది, ల్యాప్‌టాప్ ఫ్యాన్ రొద మొదలవుతుంది. నేనైతే తిరగేసి చేస్తాను: పదాల జాబితాను పై నుంచి కిందికి చదువుతూ, ఒక్కో పదానికీ కావలసిన అక్షరాలు మన దగ్గర ఉన్నాయా అని చూడటమే. లక్ష పదాలున్నా చదవాల్సింది లక్షసార్లే, మీరు ఎన్ని అక్షరాలిచ్చినా సరే. పైథాన్‌లో దీనికి ఏ అక్షరం ఎన్నిసార్లుందో లెక్కపెట్టే ‘కౌంటర్’ ఉంది. ‘సెట్’ వాడొద్దని మనవడికి చెప్పండి. సెట్‌కు అక్షరం ఉందా లేదా అన్నదే తెలుసు, ఎన్ని ఉన్నాయో తెలియదు. క, ల ఒక్కోటే ఉన్నా ‘కలకల’ను కూడా పాస్ చేసేస్తుంది.

ఇలా సరిచేసి చూస్తే మీ ఐదు అక్షరాల్లో కల, వల, కవల, కలము, కరము, వరము, రకము, రవము దొరుకుతాయి. ఐదూ వాడితే కలవరము. అదే ఐదుతో ‘కలరవము’ కూడా వస్తుంది, మధురమైన ధ్వని అని అర్థం. జవాబు రాస్తూ చేత్తో అక్షరాలు అటూ ఇటూ తిప్పుతుంటే తగిలింది. మీకు ముందే తెలిసి ఉంటుంది లెండి.

పదాల జాబితాకు ఇంటర్నెట్‌లోని నిఘంటువు తెలుగు విక్షనరీ డేటాను ఉచితంగా దింపుకోవచ్చు. ఒక చిక్కుంది. పాత నిఘంటువుల్లో ‘కలము’ ఉంటుంది, ఇప్పటి రాతలో ‘కలం’. ప్రోగ్రామ్‌కు ఇవి రెండు వేర్వేరు పదాలు. ‘ము’తో ముగిసే పదాలకు ‘సున్న’ రూపం, సున్నతో ముగిసేవాటికి ‘ము’ రూపం కూడా చేర్చుకోమనండి. ఈ పని నేను ఒకసారి బద్ధకించాను, సగం జవాబులు గల్లంతయ్యాయి.

ప్రశ్న: ఫోన్‌లో ఇంగ్లిష్ పదాల ఆట ఆడుతుంటాను. ఒకే అక్షరాలిస్తే ఒక సైట్ చెల్లుతుందన్న పదం ఇంకో సైట్ చెల్లదంటోంది. ఏది నమ్మాలి?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ నిజమే చెబుతున్నాయి, నిఘంటువులు వేరు. స్క్రాబుల్‌నే తీసుకోండి. అమెరికా, కెనడాల్లో ఒక పదాల జాబితా, మిగతా చాలా దేశాల్లో కాలిన్స్ జాబితా. ఓ, యూ కలిపి రాస్తే మీకూ నాకూ ఉస్మానియా యూనివర్సిటీ. కాలిన్స్‌లో అది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన మాట, చెల్లుతుంది. అమెరికా జాబితాలో చెల్లదు. మీ ఆట సెట్టింగ్స్‌లో ఏ డిక్షనరీ ఉందో చూసి, సైట్‌లోనూ అదే ఎంచుకోండి.

ప్రశ్న: జంబుల్ అయిన అక్షరాలకు పదాలు చెప్పే యాప్ వేసుకుంటే కాంటాక్ట్స్, లొకేషన్ అడుగుతోంది. ఇవ్వకపోతే పనిచేయదా?
– ఓ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఏడక్షరాలు తీసుకుని పదాలు చెప్పడానికి మీ మేనమామ ఫోన్ నంబర్ ఎందుకు? ‘అనుమతించవద్దు’ నొక్కండి. అప్పటికీ తెరుచుకోకపోతే తీసిపారేయండి. ఫోన్‌లో దించుకున్న పదాల జాబితా చాలు, ఈ పనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. యాప్ తీసేసే ముందు సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు మీద నొక్కి, ఇప్పటికే ఏమేం అనుమతులు ఇచ్చారో ఒకసారి చూసుకోండి.