జర్మన్ రాజ్యాల పాత వెండి నాణేలు కొనాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి? నకిలీని ఎలా పట్టుకోవాలి?

నేను స్టుట్‌గార్ట్‌లో ఉంటాను, ఆరేళ్లుగా ఈ పిచ్చి. చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే చెప్తాను.

థాలర్ల (అంతకుముందు జర్మన్ రాజ్యాల్లో చెల్లిన పెద్ద వెండి నాణేలు) జోలికి ఇప్పుడే వెళ్లకండి. 1908 నుంచి వచ్చిన 3 మార్కుల (మార్కు అంటే అప్పటి జర్మన్ కరెన్సీ) నాణేలతో మొదలుపెట్టండి. పాత థాలర్ 1907 దాకా 3 మార్కుల కింద చెల్లింది, అది రద్దయ్యాక జనానికి అలవాటైన ఆ విలువలోనే ఇవి వేశారు. దేశం 1871లోనే ఒక్కటైంది కదా, మరి నాణేల మీద ఇంతమంది రాజులేంటి అని నాకూ మొదట్లో అయోమయమే. సామ్రాజ్యంలో కలిసినా ఆ రాజ్యాలు, వాటి రాజులు అలాగే కొనసాగారు. 2, 3, 5 మార్కుల వెండి నాణేల మీద ఒకవైపు సామ్రాజ్యపు గద్ద, రెండోవైపు ఏ రాజ్యం పేరున వేస్తే ఆ రాజు తల ఉంటుంది. హాంబర్గ్, బ్రెమెన్, ల్యూబెక్‌లకి రాజు లేడు కాబట్టి నగర చిహ్నం. నాకు బాగా నచ్చేది బవేరియా రాజు ఒట్టోది, మతిస్థిమితం లేక ఆయన ఒక్కరోజు కూడా రాజ్యం ఏలలేదు, 1912లో చనిపోయేదాకా పెత్తనమంతా బాబాయి లుయిట్‌పోల్డ్‌ది, కానీ 1913 దాకా మామూలు నాణేల మీద మొహం మాత్రం ఒట్టోదే.

ఇక నకిలీల సంగతి. ఒకసారి ఇక్కడ పాత సామాన్ల సంతలో 1917 నాటి సాక్సనీ 3 మార్కుల నాణెం 40 యూరోలకి దొరికింది. రిఫర్మేషన్ (క్రైస్తవ మత సంస్కరణ ఉద్యమం) 400 ఏళ్ల సందర్భంగా వేసింది అది, వేసిందే 100 నాణేలు! బేరం కూడా ఆడకుండా జేబులో వేసుకుని ఇంటికి దాదాపు పరుగెత్తాను. వంటింటి త్రాసు మీద పెడితే 14 గ్రాములు. ఉండాల్సింది 16.67. అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి అసలుదే అనుకున్నా, ఇత్తడి కూడా అంటుకోదని ఆ టెన్షన్‌లో తట్టలేదు. అంచు మీద ‘గాట్ మిట్ ఉన్స్’ (దేవుడు మనతో ఉన్నాడు) అక్షరాలు కరిగినట్టు మొద్దుగా ఉన్నాయి, అది ముందే చూడాల్సింది. 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు, కాలిపర్ (వెడల్పు కొలిచే పనిముట్టు) లేకుండా ఏదీ కొనకండి. 3 మార్కుల నాణెం అడ్డంగా 33 మిల్లీమీటర్లు, 5 మార్కులది 38 మిల్లీమీటర్లు, బరువు 27.78 గ్రాములు. మామూలు రకాలకైతే, మార్కుకి 5 గ్రాముల శుద్ధ వెండి అని లెక్కేసుకుని ఆరోజు రేటుతో పోల్చి చూడండి, అమ్మేవాడు ఎంత ఎక్కువ అడుగుతున్నాడో తెలిసిపోతుంది.

ఇంకోటి, దయచేసి తోమకండి. మా అమ్మ వెండి కుందులు విభూతితో తోముతుంది కదా అని నేను ఒక వుర్టెంబర్గ్ నాణేన్ని అలాగే మెరిపించాను. డీలర్ లెన్సు పెట్టి చూసి, సన్నటి గీతలు చూపించి, వెండి ధర మాత్రం ఇస్తానన్నాడు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.