బార్సిలోనా ప్రయాణం: ఎఫ్‌డీ జోలికి వెళ్లాల్సింది వీసా చేతికొచ్చాకే

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. వేసవి సెలవుల్లో, మే నెలలో నేను, మా ఆవిడ ఏడు రాత్రులు బార్సిలోనాలో ఉండి రావాలనుకుంటున్నాం. ఏజెంటు ప్యాకేజీ రూ.5.40 లక్షలు చెబుతున్నారు. సేవింగ్స్ ఖాతాలో రూ.2.60 లక్షలు, సెప్టెంబరులో రెండేళ్ల గడువు తీరే రూ.6 లక్షల ఎఫ్‌డీ (వడ్డీ 7.1 శాతం) ఉన్నాయి. వీసాకు ఖాతాలో డబ్బు కనపడాలి కాబట్టి ఎఫ్‌డీ తీసి ఖాతాలో వేయమని ఏజెంటు, జీపీఎఫ్ నుంచి తీసుకోమని తోటి టీచర్లు అంటున్నారు. ఏది మేలు? యూరోలు ఎలా పట్టుకెళ్లాలి?
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ వద్దు. జీపీఎఫ్ మీ రిటైర్మెంటు డబ్బు, విహారానికి తాకకండి. ఎఫ్‌డీ సంగతి వేరు. దాన్ని వాడుకోవచ్చు, కానీ వీసా కోసం కాదు, వీసా వచ్చిన తర్వాత. ఈ ప్రయాణంలో డబ్బు మిగిలేదీ పోయేదీ చాలావరకు ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదాని మీదే ఉంటుంది.

ముందు వీసా లెక్క చూద్దాం. స్పెయిన్ పర్యటకుల దగ్గర ఉండాల్సిన సొమ్మును తన కనీస వేతనంతో ముడిపెట్టింది. 2025లో అది మనిషికి రోజుకు 118.40 యూరోలు. ఎన్ని తక్కువ రోజులున్నా మనిషికి 1,065.60 యూరోలకు తగ్గకూడదు. మీది తొమ్మిది రోజుల లోపు ప్రయాణం కాబట్టి ఈ కనీస మొత్తమే వర్తిస్తుంది. ఇద్దరికీ 2,131 యూరోలు. యూరోను రూ.105గా లెక్కేస్తే సుమారు రూ.2.24 లక్షలు. కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఇదీ కాస్త పెరుగుతుంది. అయినా మీ సేవింగ్స్ నిల్వ, నెలనెలా పడే జీతం, పక్కన ఎఫ్‌డీ రసీదు నకలు, ఐటీ రిటర్నులు ఉంటే సరిపోతుంది. స్టేట్‌మెంట్ చూసే అధికారికి అనుమానం వచ్చేదే హఠాత్తుగా పడిన పెద్ద మొత్తం దగ్గర. దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో రూ.6 లక్షలు పడితే ‘ఎవరి దగ్గరో తెచ్చి చూపిస్తున్నారు’ అనుకునే అవకాశం ఉంది. చెక్కుచెదరని ఎఫ్‌డీ మీకు అంతకంటే బలమైన కాగితం.

వీసా రుసుము మనిషికి 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం సేవా రుసుము అదనం. తిరస్కరిస్తే ఇవి రెండూ వెనక్కి రావు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, పత్రాలు సరిపోకపోతే 45 రోజులు కూడా పట్టొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి మే ప్రయాణానికి మార్చి మొదటి వారం దాటనివ్వకండి. మీకు ఇంకో మెలిక ఉంది. విదేశీ ప్రయాణానికి శాఖ నుంచి అనుమతి కావాలి. ఆ ఫైలు కదలడానికి పట్టే కాలం మీకు నేను చెప్పక్కర్లేదు, ముందు అదే మొదలుపెట్టండి. విమానానికి రిజర్వేషన్, హోటల్‌కు ఉచితంగా రద్దు చేసుకునే బుకింగ్ చాలు. వీసా రాకముందే ‘నాన్ రిఫండబుల్’, అంటే రద్దుచేసినా డబ్బు వెనక్కి రాని టికెట్ కొనడం ఏజెంటుకు లాభం, మీకు జూదం. ఇన్సూరెన్స్ మాత్రం ముందే కావాలి, కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీతో. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. రూ.500 ప్రీమియం తగ్గుతుందని దాచిపెడితే అక్కడ ఆసుపత్రి పాలైనప్పుడు క్లెయిమ్ నిలిచిపోతుంది.

ఇక ప్యాకేజీ. మీరే బుక్ చేసుకుంటే ఖర్చు దాదాపు ఇలా వస్తుంది. విమానం ఇద్దరికీ రూ.1.40 లక్షలు, రాత్రికి 130 యూరోల హోటల్‌కు రూ.95,500, తిండికి మనిషికి రోజుకు 45 యూరోల చొప్పున రూ.75,600, సందర్శన టికెట్లకు రూ.31,500, నగర రవాణాకు రూ.8,400, వీసాకు సేవా రుసుముతో కలిపి రూ.25,000, ఇన్సూరెన్స్‌కు రూ.4,000. దీనికి చాలామంది మరిచిపోయే పర్యటక పన్ను కలపాలి. బుకింగ్ సైటులో చూపే ధరలో ఇది తరచూ ఉండదు, హోటల్ కౌంటర్లో అడుగుతారు. 2024 అక్టోబరులో బార్సిలోనా నగర సర్‌చార్జీయే మనిషికి రాత్రికి 4 యూరోలైంది, కటలోనియా ప్రాంతపు పన్ను దాని మీద వేరు. రెండూ కలిసి 2025లో నాలుగు నక్షత్రాల హోటల్‌కు 5.70 యూరోలయ్యాయి. ఈ పన్ను పెరిగే దారిలోనే ఉంది కాబట్టి మనిషికి రాత్రికి 10 యూరోలు తీసి పక్కన పెట్టండి, రూ.14,700. మొత్తం రూ.3.95 లక్షలు. పది శాతం అటూ ఇటూ అనుకుని రూ.4.35 లక్షలు ఉంచుకోండి. ఏజెంటు చెప్పినదానికీ దీనికీ లక్షకు పైగా తేడా ఉంది.

పన్ను కోణంలోనూ తేడా ఉంది. విదేశీ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవారు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పడుతుంది. 2026 ఏప్రిల్‌కు ముందు 5 శాతం, ఆ తర్వాత 2 శాతం, అంటే మీ ప్యాకేజీకి రూ.10,800. సొంతంగా వెళ్తూ ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు), నగదు తీసుకుంటే ఆర్థిక సంవత్సరంలో పాన్‌కు రూ.10 లక్షలు దాటేవరకు టీసీఎస్ లేదు. కట్టిన టీసీఎస్ ఎక్కడికీ పోదు. మీ జీతం బిల్లు చేసే అధికారికి (డీడీవో) తెలియజేస్తే జీతం టీడీఎస్‌లో సర్దుతారు, లేదంటే రిటర్నులో వెనక్కి వస్తుంది. అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు, అంతే.

ఇప్పుడు ఎఫ్‌డీ. మేలో దాన్ని రద్దు చేస్తే, మీ బ్యాంకు పెనాల్టీ 1 శాతం అయితే, 20 నెలలకు రూ.6 లక్షల మీద రూ.10,000 నష్టం. అదే ఎఫ్‌డీ మీద రూ.2.50 లక్షల ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ, అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టుకుని బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకుంటే వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే 1 శాతం ఎక్కువ, అంటే 8.1 శాతం. నాలుగు నెలలకు వడ్డీ రూ.6,750. ఆ రూ.2.50 లక్షల మీద ఎఫ్‌డీ మీకు ఇచ్చేది రూ.5,917. అసలు ఖర్చు రూ.833. రద్దుకూ దీనికీ పోలికే లేదు. రూ.4.35 లక్షల ఖర్చులో మిగతా రూ.1.85 లక్షలు సేవింగ్స్ నుంచి తీయండి, రూ.75,000 ఖాతాలోనే ఉంటుంది. వీసా ముద్ర పడిన రోజు ఓడీకి దరఖాస్తు, ఆ వారమే విమాన టికెట్లు.

యూరోల విషయం. నగదు 200 యూరోలు చాలు. నియమం ప్రకారం ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకు నోట్లు తీసుకోవచ్చు గానీ, బార్సిలోనాలో కాఫీకి కూడా కార్డు తీసుకుంటారు. జేబుదొంగల నగరంలో నోట్ల కట్ట ఎందుకు? ఫారెక్స్ కార్డులో 1,300 యూరోలు వేయండి. ‘కార్డు ఉచితం’ అన్న మాటకు లొంగకండి, రేటు అడగండి. మార్కెట్ రేటు 105 ఉన్నప్పుడు 107.60 చెబితే 1,500 యూరోల మీద రూ.3,900 అక్కడే పోయింది. ఇద్దరు ముగ్గురిని అడిగితే ఒక రూపాయి, రూపాయిన్నర తగ్గుతుంది. కార్డులో యూరో వాలెట్‌లోనే వేశారా అని రసీదులో చూసుకోండి. డాలర్లలో వేస్తే ప్రతి చెల్లింపులో మళ్లీ మార్పిడి రుసుము తీస్తారు.

క్రెడిట్ కార్డు ఒకటి వెంట ఉండాలి, ముఖ్యంగా హోటల్ డిపాజిట్‌కు. ఫారెక్స్ కార్డు ఇస్తే హోటల్ ఆపి ఉంచిన సొమ్ము వెనక్కి రావడానికి ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది, ఆలోపు మీరు ఇంటికొచ్చేస్తారు. మామూలు క్రెడిట్ కార్డుకు విదేశీ మార్కప్ (మార్పిడి రుసుము) 3.5 శాతం, దానిపై జీఎస్టీ కలిపి 4.13 శాతం. 1,500 యూరోలు దీనితోనే గీకితే రూ.6,500 అదనం. దాంతో ఏటీఎంలో నగదు మాత్రం తీయొద్దు, మొదటి రోజు నుంచే వడ్డీ.

అన్నింటికంటే ఎక్కువ మంది బోల్తా పడేది స్వైప్ మెషీన్ దగ్గర. తెరమీద ‘రూపాయల్లో చెల్లిస్తారా, యూరోల్లోనా’ అని అడుగుతుంది. రూపాయలు మనకు తెలిసినవి కదా అని అదే నొక్కేస్తాం. అలా చేస్తే మార్పిడి రేటు అక్కడి యంత్రం వేసేది, మార్కెట్ కంటే బాగా ఎక్కువ. పైగా రూపాయల్లో బిల్లయినా మన బ్యాంకులు చాలావరకు మళ్లీ రుసుము తీస్తాయి. ప్రతిసారీ యూరోలే నొక్కండి. ఏటీఎంలో ‘మార్పిడికి అంగీకరిస్తున్నారా’ అని వస్తే నిరాకరించండి, లావాదేవీ ఆగిపోదు, డబ్బు వస్తుంది. వెయిటర్ అడగకుండానే రూపాయల్లో కొడితే రద్దు చేసి మళ్లీ కొట్టమనే హక్కు మీకుంది.

నగరంలో చిన్న ఆదాలు కొన్ని. సగ్రాడా ఫామీలియా చర్చి టికెట్ (26 యూరోలు, గోపురాలతో 36) ఆన్‌లైన్‌లోనే, సమయం ప్రకారం దొరుకుతుంది. వీసా రాగానే అధికారిక సైటులోనే కొనండి. మధ్యవర్తి సైట్లు అదే టికెట్‌ను గైడ్ పేరుతో ఎక్కువకు అమ్ముతాయి. మెట్రోలో పది ప్రయాణాల ‘టీ-కాజువల్’ ఒక్క మనిషికే, ఇద్దరూ పంచుకోకూడదు, విమానాశ్రయ మెట్రో స్టేషన్లలో చెల్లదు. విమానాశ్రయం నుంచి 46 నంబరు బస్సుకు, టెర్మినల్ 2 నుంచి వచ్చే రైలుకు చెల్లుతుంది. భోజనం మధ్యాహ్నమే గట్టిగా చేయండి. పనిదినాల్లో ‘మెనూ దెల్ దియా’ పేరుతో రెండు వంటకాలు, తీపి, పానీయం కలిపి ఒకే ధరకు ఇస్తారు. మాంసం తిననివారైతే కూరగాయల సూపులో కూడా పంది మాంసం ముక్కలుండవచ్చని గుర్తుంచుకుని అడిగి తెప్పించుకోండి. మోంజుయిక్ కొండ మీది కటలోనియా జాతీయ కళా మ్యూజియం శనివారం మూడు తర్వాత ఉచితం.

ఏదైనా పోతే అదే రోజు పోలీసు ఫిర్యాదు పత్రం, అక్కడి మాటలో ‘దెనున్సియా’, తీసుకోండి. అది లేకుండా ఇన్సూరెన్స్ కంపెనీ పైసా ఇవ్వదు. ఇద్దరి కార్డులూ ఒకే పర్సులో పెట్టకండి. అక్కడ కొన్న వస్తువులకు పన్ను వాపసు కావాలంటే దుకాణంలోనే ‘దీవా’ పత్రం అడిగి, విమానాశ్రయంలో చెకిన్‌కు ముందు యంత్రం దగ్గర స్కాన్ చేయాలి.

తిరిగొచ్చాక మిగిలిన యూరోలు 2,000 డాలర్ల విలువ వరకు ఉంచుకోవచ్చు, అంతకుమించితే 180 రోజుల్లో అప్పగించాలి. మీకు మిగిలేది వంద, రెండొందలే కాబట్టి కార్డులోనిది వెంటనే వెనక్కి తీసుకుని ఓడీలో జమచేయండి. సెప్టెంబరులో ఎఫ్‌డీ తీరగానే మిగతా ఓడీ దానితో సరిపోతుంది, కానీ బ్యాంకు ఆ రోజు ‘ఆటో రెన్యువల్’ చేయకుండా ముందే రాసివ్వండి.