చైనాలో మామూలు రోజుకు ఎంతవుతుంది? దానికోసం చిట్టీ పాడాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్. వచ్చే మే మొదటి వారంలో నేను, మావారు, పదకొండేళ్ల మా పాప, 67 ఏళ్ల మా అత్తయ్య చైనా వెళ్లాలనుకుంటున్నాం. బీజింగ్, షాంఘై కలిపి తొమ్మిది రోజులు. ఏజెంట్ ప్యాకేజీ మనిషికి 1,65,000 అంటున్నాడు. మావారేమో సొంతంగా వెళ్దామంటున్నారు. విమానం టికెట్ మనిషికి 42 వేల దాకా చూపిస్తోంది. అక్కడ దిగాక రోజుకు ఎంత ఖర్చవుతుందో మాత్రం అంతు చిక్కడం లేదు. అత్తయ్య శాకాహారి. 5 లక్షల చిట్టీలో 25 నెలలకు పది వాయిదాలు కట్టాం. ఇప్పుడు పాడితే 3,85,000 చేతికొస్తాయట. సేవింగ్స్‌లో 2,20,000, ఎఫ్‌డీ 4 లక్షలు ఉన్నాయి. నెలకు 25 వేల దాకా మిగులుతాయి. మార్చిలో మావారికి 80 వేల బోనస్ వస్తుంది. చిట్టీ పాడేయమంటారా? డబ్బు ఎలా పట్టుకెళ్లాలి?

జవాబు: చిట్టీ పాడకండి. ఇప్పుడు పాడితే 1,15,000 వదులుకున్నట్టే. డివిడెండ్‌లో మీ వంతుగా వెనక్కి వచ్చేది నాలుగైదు వేలకు మించదు. పోయే ఆ సొమ్ముతో బీజింగ్‌లో మీ నలుగురూ పదకొండు రోజులు తిని, తిరిగి, టికెట్లు కొనుక్కోవచ్చు. నోటికొచ్చిన అంకె కాదిది, లెక్క కింద ఉంది.

బీజింగ్‌లో ఒక మామూలు రోజు తీసుకుందాం. గ్రేట్ వాల్ లాంటి పెద్ద కార్యక్రమం లేని రోజు. అక్కడి డబ్బు యువాన్. దాని మారకం రేటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, కాబట్టి మన లెక్కకు ఒక యువాన్ 13 రూపాయలు అనుకోండి. పొద్దున వీధి చివర దుకాణంలో ఆవిరి బన్నులు, సోయా పాలు, ఉడికించిన గుడ్లు నలుగురికీ కలిపి 60 యువాన్లు. మెట్రో కనీస ఛార్జీ 3 యువాన్లు, దూరాన్ని బట్టి పెరుగుతుంది. రెండు మూడుసార్లు ఎక్కి దిగితే ఇంటిల్లిపాదికీ 50. టెంపుల్ ఆఫ్ హెవెన్‌లో లోపలి మందిరాలు కూడా చూసే టికెట్ వేసవిలో 34 యువాన్లు, నలుగురికి 136. పిల్లలకు, 60 దాటినవాళ్లకు చాలాచోట్ల రాయితీలు ఉంటాయి. కౌంటర్లో పాస్‌పోర్ట్ చూపించి అడగండి, అయినా బడ్జెట్లో మాత్రం పూర్తి ధరే రాసుకోండి. అక్కడికి పొద్దున్నే వెళ్తే స్థానిక పెద్దవాళ్లు గుంపులుగా డాన్స్ చేస్తూ, పేకాడుతూ, ఈకలబంతిని కాలితో ఎగరేస్తూ కనిపిస్తారు. అత్తయ్యగారికి మందిరాల కంటే అదే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు, అది చూడటానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

మధ్యాహ్నం అన్నం, టమాటా-గుడ్డు కూర, వంకాయ, టోఫు తింటే 160. నీళ్లు, పండ్లు, పాపకు ఐస్‌క్రీమ్ 80. సాయంత్రానికి అత్తయ్యగారి కాళ్లు లాగుతాయి కాబట్టి హోటల్‌కు టాక్సీ 50. రాత్రి భోజనం 220. మొత్తం 756, మనం 800 అనుకుందాం. అంటే రోజుకు 10,400 రూపాయలు. మధ్యరకం చైన్ హోటల్లో గది 400 చొప్పున రెండు గదులకు మరో 10,400. గది ఇద్దరికేనా, ముగ్గురు ఉండొచ్చా, విదేశీయులను తీసుకుంటారా అన్నది బుక్ చేసేముందే చూసుకోవాలి.

ఇక మామూలు కాని రోజులు. గ్రేట్ వాల్‌కు ముతియాన్యూ వైపు వెళ్తే ప్రవేశం, షటిల్ బస్సు, రానూపోనూ కేబుల్ కారు కలిపి పెద్దవాళ్లకు 195 యువాన్ల దాకా అవుతుంది, పైగా కారు అద్దె. ఆ ఒక్కరోజే మామూలు రోజు కంటే 1,000 యువాన్లు అదనంగా పెట్టుకోండి. అత్తయ్యగారు మెట్లెక్కలేరు, కేబుల్ కారు దగ్గర పొదుపు చేయొద్దు. బీజింగ్ నుంచి షాంఘైకి 1,318 కిలోమీటర్లు, బుల్లెట్ రైలు నాలుగున్నర గంటల్లో చేరుస్తుంది. సెకండ్ క్లాస్ 600 అనుకుంటే, ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు సగం కాబట్టి మీకు 2,100. పాప డిస్నీల్యాండ్ అంటే అది వేరే లెక్క, ఇందులో కలపలేదు.

కూడితే ఇలా వస్తుంది. విమానం 1,68,000, వీసాలు, ఇన్సూరెన్స్ కలిపి 35 వేలు, ఎనిమిది రాత్రుల హోటల్ 83,200, తొమ్మిది రోజుల దినఖర్చు 93,600, రైలు 27,300, గ్రేట్ వాల్ అదనం 13 వేలు. దాదాపు 4,20,000. షాపింగ్‌కు 30 వేలు, అనుకోని ఖర్చుకు 40 వేలు చేరిస్తే 4,90,000. ప్యాకేజీ అయితే 6,60,000, దానిపై టీసీఎస్, అంటే ఏజెంట్ ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను, అదనం. 2026 ఏప్రిల్ 1 నుంచి విదేశీ టూర్ ప్యాకేజీకి అది 2 శాతం, అంటే 13,200. రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, అంతవరకు డబ్బు ఇరుక్కుంటుంది.

ప్యాకేజీ దండగ అని నేను అనను. శాకాహార భోజనం, భాష, బస్సు గుమ్మం ముందుకు రావడం, వీటికి విలువ ఉంది. కానీ 1,70,000 తేడా అంత విలువ చేయదు. పైగా చాలా గ్రూపు టూర్లలో పట్టు, పచ్చరాయి, టీ దుకాణాల దగ్గర బలవంతంగా గంటలు గడపాల్సి వస్తుంది. ఈ విషయంలో మీవారి వైపే నా ఓటు. కాకపోతే ఒక షరతు: గ్రేట్ వాల్ రోజున కారు, మనిషి సాయం ముందే మాట్లాడుకోవాలి.

అయిదు లక్షలు ఎక్కడి నుంచి? సేవింగ్స్‌లోని 2,20,000తో ముందు విమానం, వీసాలు. ఈ నెల నుంచే 25 వేల ఆర్‌డీ మొదలుపెడితే ఎనిమిది నెలల్లో 2 లక్షలు. బోనస్ 80 వేలు. సరిగ్గా 5 లక్షలు. ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు. 67 ఏళ్ల పెద్దావిడ ఉన్న ఇంట్లో అది ఆసుపత్రి డబ్బు, విహారయాత్ర డబ్బు కాదు. ఇక చిట్టీ. మూడు నాలుగు వాయిదాలు పోయాక పాట ఎంతకు పోతోందో చూడండి. మిగిలే వాయిదాలు తగ్గేకొద్దీ సాధారణంగా తగ్గింపు కూడా దిగుతుంది. అప్పుడు పాడినా ఆ డబ్బు పాప చదువు ఖాతాకే వెళ్లాలి.

తేదీ మార్చండి. మే మొదటి వారం అన్నారు. మే 1 నుంచి అక్కడ కార్మిక దినోత్సవ సెలవులు, దేశమంతా రోడ్డెక్కుతుంది. హోటల్ ధరలు పెరుగుతాయి, రైలు టికెట్లు దొరకడం కష్టం. మే 8 తర్వాత బయల్దేరితే మన స్కూళ్లకు సెలవులే, వాళ్లకు పనిరోజులు. ఈ ఒక్క మార్పు వల్ల నేను వేసిన హోటల్ అంచనా నిలబడుతుంది, లేదంటే తడిసి మోపెడవుతుంది. ఫర్బిడెన్ సిటీకి సోమవారం సెలవు, టికెట్ ముందుగా ఆన్‌లైన్లో పాస్‌పోర్ట్ నంబరుతో తీసుకోవాలి. ఈ రెండూ చూసుకోక ఒక రోజు వృథా అయితే, హోటల్‌తో కలిపి 20 వేలు నీళ్లపాలైనట్టే.

ఇప్పుడు డబ్బు పట్టుకెళ్లే సంగతి. మన ఫోన్‌పే, గూగుల్ పే అక్కడి దుకాణాల్లో పనికిరావు. అక్కడ బన్నులమ్మే బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ వేలాడుతూ ఉంటుంది, కానీ అది అక్కడి చెల్లింపు యాప్‌లైన అలీపే లేదా వీచాట్‌ది. ఈ రెండింటిలోనూ మన వీసా, మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డులు జోడించుకోవచ్చు. పని మొత్తం హైదరాబాద్‌లోనే ముగించండి. పాస్‌పోర్ట్ వివరాలిచ్చి, కార్డు జోడించి, ఓటీపీ వచ్చిందో లేదో చూసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి ఉండాలి, లేకపోతే ఎన్నిసార్లు ప్రయత్నించినా తిరస్కరిస్తూనే ఉంటుంది. మీ ఫోన్లో ఒక బ్యాంకు కార్డు, మీవారి ఫోన్లో ఇంకో బ్యాంకు కార్డు పెట్టండి. అక్కడ ఒక కార్డు మొరాయిస్తే టెన్షన్ ఉండదు. ఓటీపీల కోసం ఇక్కడి సిమ్‌కు రోమింగ్ ఉండాల్సిందే. హోటల్ వైఫైలో వాట్సాప్, జీమెయిల్ తెరుచుకోవు.

విదేశీ కార్డుతో అలీపేలో 200 యువాన్ల లోపు చెల్లింపుకు అదనపు రుసుము లేదు, దాటితే మొత్తం మీద 3 శాతం. పైన రాసిన 220 యువాన్ల భోజనానికి ఒకే ఫోన్ నుంచి కడితే 86 రూపాయలు ఊరికే పోతాయి. మీరు 110, మీవారు 110 స్కాన్ చేయండి. మొహమాటం అక్కర్లేదు. హోటల్ బిల్లు మాత్రం కౌంటర్లో నేరుగా కార్డు తీసుకుంటారా అని అడగండి. మెషిన్‌పై రూపాయల్లో కడతారా, యువాన్లలోనా అని వస్తే యువాన్లే నొక్కాలి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటు మనకు పడుతుంది.

దీనికంటే పెద్ద కోత మన బ్యాంకుదే. విదేశీ ఖర్చుపై మామూలు క్రెడిట్ కార్డుకు బ్యాంకు వేసే అదనపు రుసుము, అంటే మార్కప్, 3.5 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13. రోజుకు 430, తొమ్మిది రోజులకు 3,870 రూపాయలు. మార్కప్ లేని కార్డులు ఉన్నాయి, ప్రయాణానికి రెండు నెలల ముందే తీసుకోండి. విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు అమ్మడానికి వచ్చినవాళ్లను ఒక్కటే అడగండి: అందులో యువాన్ ఉందా? డాలర్లు మాత్రమే నింపుకునే కార్డయితే యువాన్‌కు మారేటప్పుడు మళ్లీ మార్కప్ పడుతుంది, మీకు మిగిలేదేమీ ఉండదు.

నగదు అసలే వద్దని కాదు. అక్కడ దుకాణాలు నోట్లు తీసుకోవాలన్నది చట్టం, కాకపోతే చిల్లర దొరకదు. అధీకృత మనీ ఛేంజర్ దగ్గర 2,000 యువాన్లు కొని పెట్టుకోండి. అందులో 300 పదులు, ఇరవైలుగా అత్తయ్యగారి చేతి సంచిలో ఉంచండి, చైనీస్‌లో అడ్రసున్న హోటల్ కార్డుతో పాటు. ఫోన్ చెల్లింపులు రాని మనిషి ఒక్క నిమిషం వెనకబడినా టాక్సీ ఎక్కి హోటల్‌కు రాగలగాలి.

ఆవిడ భోజనం బడ్జెట్‌ను కూడా కాస్త విడిగా చూడాలి. కూరగాయల వంటకమని తెచ్చినా పంది కొవ్వో, కీమానో తగలొచ్చు. ఇండియన్ రెస్టారెంట్‌లో మనిషికి 100 నుంచి 150 యువాన్లు అవుతుంది, రోజూ పెట్టుకోలేం. గుళ్ల దగ్గర బౌద్ధ శాకాహార హోటళ్లు చూడండి. గదిలో కెటిల్ ఉంటుంది కాబట్టి అటుకులు, ఉప్మా మిక్స్, కందిపొడి పట్టుకెళ్లండి. నెయ్యి, పాలకోవా వద్దు, పాల పదార్థాలను కస్టమ్స్‌లో తీసేసుకుంటారు.

షాపింగ్‌లో ఒకే దుకాణంలో ఒకే రోజు 200 యువాన్లు దాటితే, ట్యాక్స్ రీఫండ్ బోర్డున్న చోట ఫారం అడగండి, ఛార్జీలు పోను దాదాపు 9 శాతం తిరిగొస్తుంది. పాస్‌పోర్ట్ దగ్గర ఉండాలి. వాంగ్‌ఫుజింగ్, నాన్‌జింగ్ రోడ్డులో ఇంగ్లిష్ ప్రాక్టీస్ చేస్తామంటూ టీకి పిలిచే కుర్రకారు వెంట వెళ్లకండి, ఆ టీ బిల్లు వందల యువాన్లలో ఉంటుంది.

అత్తయ్యగారి ఇన్సూరెన్స్‌లో బీపీ, షుగర్ ఏమున్నా దాచకుండా రాయండి, ఉన్న జబ్బులకు కవరేజీ ఉన్న పాలసీయే తీసుకోండి, ప్రీమియం రెట్టింపైనా సరే. చిట్టీ వాయిదా, క్రెడిట్ కార్డు గడువు ఆ తొమ్మిది రోజుల్లో పడుతున్నాయేమో చూసి, బయల్దేరే ముందే కట్టేయండి.