పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్స్ పట్టుకుంటానంటే వెంటనే ఒప్పేసుకోకండి

మీ ప్రశ్న చదివాను: గుంటూరు బ్రాడీపేటలో మూడేళ్లు అద్దెకున్న ఇల్లు మీరు ఖాళీ చేశారు, 40,000 అడ్వాన్స్‌లో సగం పెయింటింగ్‌కి పోతుందని ఓనరు గారంటున్నారు, డబ్బు చేతికే ఇచ్చారు కాబట్టి రసీదు లేదు. అంతే కదా. మాకూ దాదాపు ఇదే జరిగింది.

మేం విజయవాడ సింగ్ నగర్‌లో కింది పోర్షన్‌లో ఉండేవాళ్లం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఇంట్లో నడుం లోతు నీళ్లు. అవి తీశాక నాలుగు గోడలకీ బురద గీత మిగిలింది, బాత్రూం తలుపు ఉబ్బిపోయి గడియ పడేది కాదు, బియ్యం డబ్బాతో సహా అన్నీ బయట పారేశాం. ఆరు నెలల తర్వాత ఖాళీ చేస్తుంటే, 30,000 అడ్వాన్స్‌లో రంగులకీ తలుపుకీ 18,000 పోతుందన్నారు ఓనరు గారు. మా ఆవిడకి ఏడుపొచ్చేసింది.

తెలిసిన వకీలు గారిని అడిగితే ఆయన చెప్పిందిదీ: ఆస్తి బదిలీ చట్టం 1882లో 108వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకోకపోతే, అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి గానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకీ, మన చేతిలో లేని విపత్తుకీ బాధ్యత మనది కాదు. మూడేళ్లకి గోడ రంగు మాయడం ఆ మామూలు అరుగుదలే. పిల్లలు గీసిన గీతలూ, పగిలిన సింకూ లాంటివి మాత్రం మనమే కట్టాలి, అందులో వాదన పెట్టుకోకండి.

మాకు బాగా పనికొచ్చింది ఒక ఫోటో. ఇంట్లో దిగిన రోజు పాలు పొంగించినప్పుడు తీసింది, పొయ్యి వెనకాల గోడ మీద చెమ్మ మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది. అంటే ఆ గోడ వరదకి ముందే పాడైందన్నమాట. మీ ఫోన్లో గృహప్రవేశం, పుట్టినరోజు ఫోటోలు ఒకసారి వెతకండి.

రసీదు లేదని టెన్షన్ పడకండి. "నేనిచ్చిన 40,000 అడ్వాన్స్‌లో దేనికెంత పట్టుకుంటున్నారో పెట్టండి సార్" అని వాట్సాప్‌లో మర్యాదగా అడగండి. ఆయన పెయింటింగ్‌కి ఇంత అని జవాబిస్తే అడ్వాన్స్ తీసుకున్నట్టు ఆయనే ఒప్పుకున్నట్టు. తర్వాత అదే విషయం, 15 రోజుల గడువుతో, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి.

మా ఉత్తరానికి జవాబు రాలేదు. అప్పుడు ఉచితంగా న్యాయ సాయం చేసే ప్రభుత్వ సంస్థ అయిన న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పరిష్కరించమని అర్జీ పెట్టాం. కోర్టు ఫీజు లేదు, అక్కడ రాజీ కుదిరితే ఇచ్చే అవార్డుకి, అంటే ఆ రాజీ ఉత్తర్వుకి, కోర్టు డిక్రీ (తీర్పు) అంత విలువ. నోటీసు వెళ్లాక ఓనరు గారు వాళ్లబ్బాయితో వచ్చారు. మేం పగలగొట్టిన వాష్ బేసిన్‌కి 3,000 వదులుకుని 27,000 తెచ్చుకున్నాం. ఓనరు రాజీకి రాకపోతే సివిల్ కోర్టే, డబ్బు రాబట్టే దావాకి మూడేళ్ల గడువుంటుంది, కానీ అంతదాకా ఆగొద్దు.

తాళాలు ఇంకా మీ దగ్గరే ఉంటే ఈ రోజే వెళ్లి ప్రతి గదీ, కరెంటు మీటరు రీడింగూ వీడియో తీసుకుని, ఆ తర్వాతే ఇవ్వండి.