ఐదో రోజు నుంచి బ్రూడర్‌లో (బల్బుల వేడి కింద పెంచే చోట) కోడిపిల్లలు నోరు తెరుచుకుని చనిపోతున్నాయి, ఏ మందు వేయాలి?

వంద పిల్లలు తెచ్చానని, నాలుగు రోజులు చురుగ్గానే తిరిగాయని, ఐదో రోజు తెల్లారేసరికి తొమ్మిది చనిపోయాయని, ఇంకొన్ని నోరు తెరిచి ఎగపోస్తున్నాయని రాశారు. మందు సంగతి తర్వాత. ముందు నేను చేసిన పిచ్చిపని వినండి, మీరూ అదే చేసేలా ఉన్నారు.

మాది జనగామ దగ్గర పల్లె. రెండేళ్ల కింద వానాకాలంలో 200 వనరాజా జాతి కోడిపిల్లలు దింపాను. నాకూ ఐదో రోజే మొదలైంది. పొద్దున పరదా ఎత్తితే ఏడు పడి ఉన్నాయి. మరో పది మెడ చాచి, నోరు తెరిచి, గాలి కోసం కొట్టుకుంటున్నాయి. వేడి ఎక్కువైందనుకుని బల్బులు పైకి కట్టేశాను. ఆ రాత్రి వాన దంచింది. చలికి అన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కింద నలిగినవి పద్నాలుగు. రోగం ఏడింటిని తీసుకుపోతే, నేను దానికి రెట్టింపు చంపాను.

మర్నాడు మందుల షాపులో ఏదో యాంటీబయాటిక్ పొడి ఇస్తే రెండు రోజులు నీళ్లలో కలిపాను. ఏమీ తేడా లేదు. హ్యాచరీ ఆయనకు ఫోన్ చేసి, రోగం పిల్లలు అంటగట్టావని నోటికొచ్చినట్టు తిట్టాను. మూడో రోజు మా ఆవిడే అంది, "చచ్చినదాన్ని తీసుకెళ్లి డాక్టరుకు చూపిస్తే పోలా?" అని.

పశువుల దవాఖానలో డాక్టరుగారు పిల్లను కోసి ఊపిరితిత్తులు చూపించారు. గులాబీ రంగులో మెత్తగా ఉండాల్సిన చోట ఆవగింజలంత పసుపు తెలుపు గింజలు, వేలికి గట్టిగా తగులుతున్నాయి. ఆయన దాణా గురించి అడగలేదు, నీళ్ల గురించీ అడగలేదు. "ఊక ఎక్కడిది?" అన్నారు.

రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక. అడుగు బస్తాలు వానకు తడిస్తే, పైకి ఆరినట్టు కనిపించింది కదా అని పరిచేశాను. ఇంటికొచ్చి గుప్పెడు తీసి వాసన చూస్తే బూజు కంపు. విదిలిస్తే సన్నటి దుమ్ము లేచింది. ఆ దుమ్ములోని ఆస్పర్‌జిల్లస్ అనే బూజే పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయిందట. దీన్ని బ్రూడర్ న్యుమోనియా అంటారు. ఒక పిల్ల నుంచి ఇంకో పిల్లకు అంటదు, అన్నీ ఒకే ఊక మీద ఊపిరి పీలుస్తాయి కాబట్టి వరసగా పడిపోతాయి. బూజుకు యాంటీబయాటిక్ ఏం చేస్తుంది?

పిల్లలన్నిటినీ అట్టపెట్టెల్లో పెట్టి బల్బు కిందే ఉంచి, ఊకంతా ఎత్తి దూరంగా పారబోశాం. నేల ఊడ్చి, సున్నం కొట్టి, బాగా ఆరనిచ్చాం. రెండు రోజులు ఎండలో పోసిన కొత్త ఊక రెండంగుళాలు పరిచి, పైన పేపర్లు వేశాం. డాక్టరుగారు మైలుతుత్తం నీళ్లు కూడా చెప్పారు, కొలత ఆయనే రాసిచ్చారు. అది మీ అంతట మీరు కలపకండి, మోతాదు మించితే విషం. అప్పటికే ఎగపోస్తున్నవి బతకలేదు. నాలుగైదు రోజులకు చావులు ఆగాయి. మొత్తం 43 పోయాయి. హ్యాచరీ ఆయనకు మళ్లీ ఫోన్ చేసి క్షమించమన్నాను, అదే అన్నిటికంటే కష్టమైంది.

మీదీ ఇదేనని నేను అనను. వేడి అయితే పిల్లలు బల్బుకు దూరంగా జరిగి, రెక్కలు దించి రొప్పుతాయి. బల్బు కొంచెం ఎత్తితే కాసేపట్లో సర్దుకుంటాయి. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, ఆ తర్వాత వారానికి 5 చొప్పున తగ్గించాలి. బొడ్డు ఉబ్బి, తడిగా, కంపు కొడుతుంటే అది బొడ్డు ఇన్‌ఫెక్షన్. వెనక తెల్లటి రెట్ట అంటుకుని ఉంటే తెల్లపారుడు కావచ్చు, అది తల్లి కోడి నుంచి గుడ్డు ద్వారా కూడా వస్తుంది కాబట్టి అప్పుడు హ్యాచరీని అడగాల్సిందే. రక్తపారుడు ఇంత చిన్న పిల్లల్లో రాదు, సాధారణంగా రెండు వారాలు దాటాకే. చూశారుగా, ఒక్కోదానికి ఒక్కో దారి. పైనుంచి చూసి మందు చెప్పేవాళ్లను, నాతో సహా, నమ్మకండి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చాక, ఒక్కసారిగా చాలా చనిపోతే డాక్టరుకు చెప్పడం ఎలాగూ మంచిదే. దవాఖాన దూరమైతే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఈ ఉదయం చనిపోయినవాటిని ఇంకా పూడ్చకపోతే రెండింటిని కవర్లో వేసి, చుట్టూ ఐసు పెట్టి తీసుకెళ్లండి. డీప్ ఫ్రీజర్లో మాత్రం పెట్టొద్దు, గడ్డకడితే లోపల ఏమీ సరిగా తెలియదు. ఎగపోస్తున్న పిల్ల ఒకటి, గుప్పెడు ఊక కూడా పట్టుకెళ్లండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి.