నా పక్కన కూర్చోబెట్టు

నాయనా,

ప్రభువు నామంలో వందనాలు. పల్లె క్రైస్తవ సంఘాల పెద్దలకు తరగతులు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. సంతోషం కొంత, దిగులు కొంత.

పనుల రోజుల్లో తరగతులు పెట్టకు. కానుకల లెక్క ఇద్దరి ఎదుట రాయడం మొదటి నెలలోనే నేర్పు. ఇవి నీకు తెలిసినవే.

నా దిగులు వేరు. నేను మొదటిసారి తరగతి పెట్టినప్పుడు చివర్లో రాతపరీక్ష పెట్టాను. పాసైనవాళ్లే ప్రార్థన కూటాలు నడపాలన్నాను. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది. ఎవరింట్లో జబ్బుచేసినా నాకంటే ముందు ఆమే వెళ్లేది. 23వ కీర్తన, 121వ కీర్తన కంఠతా వచ్చు. చదవడం మాత్రం రాదు. పరీక్ష రోజు కాగితం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి పెన్నుకు మూత పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు చేసి నా చేతిలో పెట్టి, "నాకు రాదయ్యా" అంది. "పర్లేదమ్మా, వచ్చేసారి చూద్దాం" అన్నాను. అంతకంటే ఏమీ తోచలేదు నాకు! ఆమె మళ్లీ తరగతికి రాలేదు. జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకూ వెళ్లడం మానేసింది, పాసైనవాళ్లు వెళ్తారులే అని. ఎవరూ వెళ్లలేదు.

నేర్చుకున్నది నమ్మకమైనవాళ్లకు అప్పగించమని పౌలు తన శిష్యుడు తిమోతికి రాశాడు (2 తిమోతి 2:2). నమ్మకం ఆమె దగ్గరుంటే నేను చేతిరాతలో వెతికాను.

పల్లె నాయకులు ఇల్లూ పనీ వదిలి సెమినరీకి, అంటే పాస్టర్లను తయారుచేసే బడికి, రాలేరని 1963లో మధ్య అమెరికా దేశం గ్వాటెమాలాలోని ప్రెస్బిటేరియన్ సెమినరీ పాఠాలనే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. ఇంటిదగ్గర చదువుకోవడం, మధ్యమధ్య గురువుతో కలిసి కూర్చోవడం. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది. నువ్వూ వాళ్లున్నచోటికే వెళ్లు. ఇంకో అడుగు ముందుకెయ్యి: చదవలేనివాళ్లకు వాక్యభాగాన్ని కథగా చెప్పు, వాళ్లచేత తిరిగి చెప్పించు, ఫోన్లో రికార్డు చేసి ఇవ్వు. పరీక్ష పెట్టాలనిపిస్తే వాళ్లతో ఒక రోగి ఇంటికి వెళ్లి, గుమ్మం దగ్గర నిలబడి చూడు.

అన్నీ నెత్తిన వేసుకుంటే నలిగిపోతావని మామ యిత్రో మోషేతో అన్నాడు. పదిమందికొకరిని పెట్టమన్నది అందుకే (నిర్గమకాండము 18). వేళకు తినడం లేదట, మీ అమ్మ అంతా చెప్పింది. మొండితనం చాలించు నాయనా, ఈ పనికి నువ్వు చాలా ఏళ్లు కావాలి.

మొదటి తరగతికి నేనూ వస్తాను. వెనక వరసలో కూర్చుంటాను. చదవడం రానివాళ్లెవరైనా బెరుకుగా గుమ్మం దగ్గరే ఆగిపోతే, తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టు.

పెదనాన్న