పుట్ట లేని ఊళ్లో నాగుల చవితి

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు, పెళ్లయ్యాక బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా ఓనరాంటీ శ్రావణంలోనే నాగర పంచమి చేసేశారు, మా అత్తయ్యేమో దీపావళి వెళ్లాక నాలుగో రోజే మన చవితి అంటున్నారు. ఏది కరెక్టు? ఇక్కడ పుట్ట ఎక్కడ వెతకను?

జవాబు: రెండూ కరెక్టే చెల్లీ, కన్నడవాళ్లది శ్రావణ శుద్ధ పంచమి, మీ కోస్తా వాళ్లది కార్తీక శుద్ధ చవితి, మళ్లీ మన రాయలసీమలో చాలామంది శ్రావణంలోనే చవితి చేస్తారు, కాబట్టి అత్తయ్య మాటే వినేయ్, గొడవుండదు. పుట్ట కోసం తిరగక్కర్లేదు, పాత వీధుల్లో రావిచెట్టు కింద అరుగు మీద నాగరకల్లులు ఉంటాయి చూడు, రెండు పాములు మెలేసుకున్న రాతిపలకలు, పసుపు పూసి పూసి పడగలు కూడా నున్నగా అరిగిపోయుంటాయి. వాటికే చలిమిడి, చిమ్మిలి, వడపప్పు పెట్టేయ్. ఓనరాంటీ తంబిట్టు ఇచ్చారా? అది కూడా బియ్యప్పిండి, బెల్లమే, మన చలిమిడికి చుట్టమే అనుకో.

వీలైతే దొడ్డబళ్లాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్యకి వెళ్లిరా, అక్కడ ముందు స్వామి, వెనక నరసింహుడు, ఆయన కనపడాలని అద్దం పెట్టారు. పండగరోజు మాత్రం వద్దు, క్యూలో పిల్లలతో నలిగిపోతావ్.

ఇంకోటి, బుట్టలో పాముని తెచ్చి పాలు పట్టమంటే డబ్బులివ్వకు. పాములకి పాలు పడవు, పైగా నాగుపాముని పట్టి ఆడించడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. రాయి మీద రెండు చెంచాలు పోసి, మిగతావి పిల్లలకి కాచి ఇచ్చేయ్.